పియానోమీద మన మేళకర్తలు

పియానో మన యిండ్లలోని వాద్యము కాదు. దొరల బంగళాలలోను, మిషను పాఠశాలలలోను దానిని చూచినవారు కొందఱుందురు. సినిమాపాటలలో దాని ధ్వని వినినవారు అందఱును. మనకు చనువైన మెట్ల పెట్టె హార్మోనియము. నాటకసమాజములవారి పుణ్యమున అది పల్లెపల్లెకును చేరినది. పియానో దానికి దూరపు చుట్టము. హార్మోనియములో తిత్తిగాలికి రేకులు పలుకును. పియానోలో మెట్టు నొక్కగనే లోపలనున్న చిన్న సుత్తి తీగను కొట్టును. కొట్టిన పిమ్మట ఆ నాదము క్రమముగా సన్నగిల్లవలసినదే గాని పెరుగుటకు వీలులేదు; వంగుటకు అంతకంటెను వీలులేదు. వీణమీద తీగను లాగి ఒక్క మెట్టుననే రెండుమూడు స్వరములను పలికింపవచ్చును. పియానో వాయించువారికి ఆ భాగ్యము లేదు. ఇట్టి వాద్యముమీద మన మేళకర్తలను పలికింపవలెనని ఒక ఆంగ్లేయుడు ఏడేండ్లు శ్రమపడెనని మేము మొన్నమొన్ననే యెఱిగితిమి. ఎఱిగిన విధమును ముందు చెప్పెదము.

గడచిన శరన్నవరాత్రములలో మా అక్కగారి మనుమరాలు మా యింటికి వచ్చినది. అది హైదరాబాదులో పియానో నేర్చుకొనుచున్నది. మా అక్కగారు చిన్ననాట వీణ నేర్చినవారు. ఇప్పుడు వ్రేళ్లు సాగవు గాని చెవి మాత్రము చెడలేదు. సాయంకాలము దేవికి పూలు కట్టుచుండగా పిల్ల తన ఫోనులో ఒక పియానో పాట పెట్టి, "అమ్మమ్మా, ఇది విను" అన్నది. మేమందఱము ఊరకుంటిమి. మెల్లగా సాగెడి పాట అది. ఎవరో తనలో తాను మాటాడుకొనుచున్నట్లుండెను. రెండు నిమిషములు గడచినవో లేదో, మా అక్కగారు దారము వదలి తలయెత్తి, "ఈ దొర మేళము దాటడేమే!" అనిరి.

పిల్ల వెంటనే అటకమీదినుండి హార్మోనియము దింపించినది. పాటను ఆపుచు, మరల పెట్టుచు, స్వరములను వెదకినది. దొరకిన మెట్టుమీద నెల్ల కుంకుమబొట్టు పెట్టినది. ఏడు బొట్లు పడినవి. పాట తుదివఱకు ఎనిమిదవ బొట్టుతో పనిలేకపోయెను. "మేళము దొరకినది గాని రాగము దొరకలేదు" అని మా అక్కగారు పెదవి విఱిచి, మరల పూలదండ అందుకొనిరి. అది ఏ మేళమో మేమిచ్చట చెప్పము. హార్మోనియముగల యిండ్లవారు తామే వెదకికొనుట మంచి వినోదము.

ఆ పాటపేరు 'ఇంట్రోవర్సివ్', అనగా అంతర్ముఖమైనది. 'ఎస్సేస్ ఇన్ ది మోడ్స్' అను వరుసలోని దది. మేళములయందలి వ్యాసములని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. వ్రాసినవాడు జాన్ ఫోల్డ్సు. సంగీతపుస్తకములు కొన్ని మా యింట ఉన్నను ఈ పేరు మేమెన్నడును విని యుండలేదు. ఆయన స్వదేశమునందును చాలకాలము ఎవరును వినలేదట.

ఫోల్డ్సు 1880లో మాంచెస్టరు పట్టణమున పుట్టెను. తండ్రి అచ్చటి ప్రసిద్ధమైన హాలే వాద్యబృందములో బసూన్ అను పెద్ద ఊదుడు వాద్యమును వాయించువాడు. కొడుకు చెల్లో నేర్చి 1900లో ఆ బృందముననే చేరెను. చెల్లో అనగా వయొలిన్ జాతిదే. ఒడిలో ఆనించుకొని వాయించెడి పెద్ద వాద్యము. దానికి మెట్లు లేవు గనుక వ్రేలు ఎచ్చట ఆనిన అచ్చటి స్వరము పలుకును. కాబోలు, రెండు స్వరములకు నడుమనున్న సూక్ష్మమైన స్థానములు ఆయన చెవిని చిన్ననాటనే పట్టుకొన్నవి. 1898లోనే అట్టి పావు స్వరములను వాడితినని ఆయన చెప్పుకొనెను. ఆయన వ్రాసిన చెల్లో సొనాటాలో అవి నేటికిని కానవచ్చును. అయినను లోకులకు ఆయన తెలిసినది నాటకములకు కూర్చిన సంగీతమువలనను, 'కెల్టిక్ లమెంట్' అను ఒక తేలికయైన విషాదగీతమువలనను మాత్రమే. బెర్నార్డ్ షా వ్రాసిన 'సెయింట్ జోన్' నాటకమునకు 1924లో సంగీతము కూర్చినదియు ఆయనయే. తేలికపాటలవాడని ఒకసారి పేరు పడినచో, గొప్ప రచనలను చేతబట్టుకొని వచ్చినను వాకిట నిలువబెట్టుట ఏ దేశమునందైనను ఉన్నదే.

ఇక మన మేళములు ఆయనకెట్లు దొరకినవి? ఇచ్చట ఒక స్త్రీ కథ కలదు. మాకు ఈ వృత్తాంతమంతటిలోను మనసున నాటినది అదియే.

ఆమె పేరు మాడ్ మెకార్థీ. 1882లో ఐర్లండునందు పుట్టినది. బాల్యమునందే వయొలిన్‌లో అద్భుతమైన ప్రజ్ఞ చూపి, ఇంగ్లండునందును అమెరికాయందును పెద్ద సభలలో వాయించినది. చేతినరముల జబ్బు వచ్చి, యౌవనముననే ఆ వృత్తి విడువవలసి వచ్చెను. విద్వాంసురాలికి చెయ్యి చెడుట యనగా ఏమో వీణ నేర్చిన మన సోదరీమణులకు చెప్పనక్కఱలేదు. ఆమె ఇంటియొద్ద కూర్చుండి విలపింపలేదు. 1907లో అనీబిసెంటుగారితో మన దేశమునకు వచ్చి, సుమారు రెండేండ్లు తిరిగి, మన గాయకులయొద్ద కూర్చుండి పాట నేర్చినది. చెయ్యి పోయినను గొంతు ఉన్నది గదా! తిరిగి వెళ్లిన పిమ్మట 1912లో లండనులోని సంగీతపండితుల సభలో మన సంగీతముగుఱించి ఉపన్యసించి, తానే పాడి చూపినది. మన సంగీతము అడవిమనుష్యుల కూతలని తలచువారు ఆనాడు ఆ నగరమున తక్కువమంది కారు. వారియెదుట మన శ్రుతులను ఒక ఐరిష్ యువతి పాడి నిరూపించినదనిన, మన పాఠశాలలలో ఆమె పేరు వినబడకపోవుట వింతగా లేదా?

1915లో ఫోల్డ్సునకు ఆమె పరిచయమాయెను. ఇరువురికిని అంతకుముందే వేఱు సంసారములు కలవు. వానిని విడిచి వారు కలిసి జీవించిరి. చాల యేండ్లకుగాని వివాహము జరుగలేదు. ఆ విషయమై మేము తీర్పరులము కాము. సంగీతమువఱకు చూచినచో, ఆమె భారతదేశమునుండి మోసికొనిపోయిన విద్య ఆయనలో పొలములో పడిన విత్తనమువలె మొలిచినది. మేళకర్తల లెక్క ఆయన చేతికి వచ్చినది.

ఈ లెక్క మన పిల్లలు వల్లించునదే గాని, హార్మోనియముమీద చూచుకొనిన మఱింత తేటపడును. షడ్జమునుండి పైషడ్జమునకు ముందువఱకు నలుపు, తెలుపు కలిసి పండ్రెండు మెట్లు. షడ్జమునకు ఒకటి, పంచమమునకు ఒకటి, ఇవి కదలవు. మధ్యమమునకు రెండు, వానిలో ఒకటే తీసికొనవలెను. షడ్జమధ్యమముల నడుమ నాలుగు మెట్లు. వానిలో రెంటిని ఎన్నుకొనిన, క్రిందిది రిషభము, పైది గాంధారము. నాలుగింటిలో రెండు ఎన్నుకొనుటకు ఆఱు విధములు. పంచమమునకు పైని ధైవతనిషాదములకును అట్లే ఆఱు. ఆఱాఱులు ముప్పదియాఱు, రెండు మధ్యమములతో డెబ్బదిరెండు. తంజావూరి నాయకరాజుల కాలమున వేంకటమఖి ఈ పద్ధతిని ఏర్పఱచెను. ఆ పండ్రెండు స్థానములే పియానోమీదను ఉన్నవి. అనగా, లెక్కకు డెబ్బదిరెండు మేళములును పియానోలో నిద్రించుచునే యున్నవి. పాశ్చాత్యులు ఇన్నూఱు మున్నూఱేండ్లుగా ప్రధానముగా మేల్కొల్పినవి, వారు మేజరు మైనరు అను రెండు తెగలు మాత్రమే. మన లెక్కలో మేజరు ధీరశంకరాభరణము. మైనరు భేదములు నటభైరవి, కీరవాణి, గౌరీమనోహరి. ఇల్లంతయు గదులుండగా మూడు నాలుగు గదులలోనే కాపురము చేసినట్లు!

ఫోల్డ్సు తక్కిన గదుల తలుపులు తీసి చూచెను. 1920 మొదలు 1927 వఱకు వ్రాసిన ఈ వ్యాసములలో ఆయన పెట్టుకొనిన నియమము ఒకటే. ఒక్కొక పాటకు ఒక్కొక మేళము, పట్టిన మేళమును విడువరాదు, అన్యస్వరము రాకూడదు, శ్రుతి మార్చరాదు. మనకిది సహజముగా తోచును. పాశ్చాత్యులకు మాత్రము ఇది కఠినవ్రతమే. వారి పాటలో సౌందర్యము చాలవఱకు షడ్జమును మాటిమాటికి మార్చి, పొరుగు స్వరములను అరువు తెచ్చుకొనుటలో ఉన్నది. ఆ సౌకర్యము లేకుండ, ఏడే స్వరములతో, రెండు చేతులకును పని కల్పించుచు, నాలుగైదు స్వరములు ఒక్కమాఱు పలుకునప్పుడును ఆ ఏడింటిలోనివే కావలెనని ఆయన పట్టుబట్టెను. ఉప్పు తప్ప వేఱు సంబారము లేక పదిరకముల కూరలు వండుమనినట్లున్నది. కాని వండినాడు. 'మిలిటరీ' అను పాట కవాతు నడకది. 'ప్రిస్మిక్' అనునది గాజుపలకలో ఎండ చెదరినట్లు వేగముగా మెఱయును. 'ఇంట్రోవర్సివ్' సంగతి చెప్పియే యుంటిమి.

వీనిని రాగములని మేము అనము. రాగమునకు మేళము ఎముకలగూడు మాత్రమే. గమకము, జీవస్వరము, సంచారము ఉన్నగాని రాగమునకు ప్రాణము లేదు. మా అక్కగారు పెదవి విఱుచుట అందుకే. అయితే ఫోల్డ్సు రాగము పాడెదనని చెప్పలేదు. తన వాద్యమునకు చేతగానిదానిని నటింపక, చేతనైన పండ్రెండు మెట్లతో ఆ మేళమేమి చెప్పగలదో దానినే అడిగెను. తూర్పు సంగీతమని చెప్పి రెండు గజ్జెలు గలగలలాడించి, పామువాని నాగస్వరమువంటి వరుసనొకదానిని చొప్పించెడి పాశ్చాత్యులు పలువురు కలరు. ఈయన అట్టివాడు కాడు. మన శాస్త్రమునే నమ్మి, దాని కట్టడిలో నిలిచెను. మన యాంధ్రులలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు యౌవనముననే డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించిరి. వారికి వెనుక త్యాగయ్యగారి సంప్రదాయము, ఇంటనే పాట, చుట్టును వినెడి చెవులు ఉన్నవి. ఫోల్డ్సు తన పాటలను వినిపించినచోట ఈ మేళముల పేర్లైనను తెలిసినవారు ఎందఱు?

పియానోకు ఆయన మఱికొన్ని వ్రాసెను. 1926నాటి 'ఏప్రిల్ ఇంగ్లండ్' వసంతోత్సాహముతో పరుగిడు పాట. 'గాంధర్వ మ్యూజిక్' అను చిన్న పాట మాత్రము వేఱు విధమైనది. ఇది గంధర్వుల గానము తన చెవిని పడగా వ్రాసికొన్నదని ఆయన విశ్వాసము. నమ్ముట నమ్మకపోవుట చదువరుల యిష్టము. తంబుర మీటినట్లు ఒక చిన్న వరుస మరల మరల వచ్చుచు, బిగ్గఱగా పలుకక, ఎచ్చటికిని పోవలెనను తొందర లేక సాగును. మా యింట పసివాడు దీనిని వినుచు నిద్రపోయినాడు. ఇది నిందయో స్తుతియో మేము తేల్చుకొనలేదు. పియానోకును పెద్ద వాద్యబృందమునకును కలిపి వ్రాసిన 'డైనమిక్ ట్రిప్టిక్' అన్నింటికంటె పెద్దది. అందు మొదటి భాగము ఏడే స్వరముల మేళమున నడచును. రెండవ భాగమున వయొలినులు పావు స్వరములకు జాఱును. పియానోకు చేతగాని గమకమును ప్రక్కవారిచేత పలికించినట్లు మాకు తోచినది. 1931లో ఎడింబరో నగరమున వాయించిన పిమ్మట అది చాలకాలము మూలబడియుండెను.

అంతకుముందు ఆయనకు ఒక వెలుగు కాలము లేకపోలేదు. మొదటి మహాయుద్ధమున చనిపోయిన సకలజాతులవారి శాంతికొఱకు 'వరల్డ్ రెక్వియం' అను మహాగీతమును ఆయన కూర్చెను. దాని మాటలను కూర్చిపెట్టినది మాడ్ మెకార్థీ. 1923 నవంబరు 11వ తేదీని లండనులోని ఆల్బర్ట్ హాలులో వేయిమందికి పైగా గాయకులును వాదకులును కలిసి దానిని వినిపించిరి. చెయ్యి చెడినదని చెప్పితిమే, ఆమెయే ఆనాడు వయొలిన్ పట్టి వాద్యబృందమునకు ముందు కూర్చున్నది. జనులు కన్నీరు పెట్టుకొనిరి. పత్రికలవారు మాత్రము ముఖము ముడుచుకొనిరి. 1926 వఱకు ఏటేట జరిగి అది ఆగిపోయెను. మఱుసటి యేడు దంపతులు పారిసునకు పోయిరి. వేలమంది వినిన మహాగీతము వ్రాసినవాడు అచ్చట మాటలులేని సినిమాలకు ప్రక్కన పియానో వాయించి దినములు గడపెను. మేళముల వ్యాసములు ముగిసినది ఆ కాలముననే.

1934లో 'మ్యూజిక్ టుడే' అను పుస్తకమున తన భావములన్నియు వ్రాసి, 1935లో ఆయన మాడ్‌తోను పిల్లలతోను మన దేశమునకు వచ్చెను. ఆమెకు ఇది పుట్టింటివంటిది. ఆయన ఇన్నాళ్లు కాగితముమీద చూచినది ఇప్పుడు చెవులార వినెను. 1937 నుండి ఢిల్లీ రేడియోలో పాశ్చాత్యసంగీతశాఖకు ఆయన అధిపతి. మన వాద్యములు వాయించువారిని చేర్చి, కలిసి వాయించుటకు నేర్పి, ఒక బృందమును నడపెను. తూర్పు పడమరల సింఫనీ యని ఒకదానిని వ్రాసెను.

ఆ కాలముననే ఆయన చేసిన మఱొక పని మన యిండ్లవఱకు వచ్చి తగిలినది. 1938లో రేడియోవారి పత్రికయందు హార్మోనియముమీద కత్తి దూసి ఒక వ్యాసము వ్రాసెను. ఆ పెట్టెలో పండ్రెండే బిగిసిన స్వరములు. మన శ్రుతులు అందు పలుకవు. అది మన గాయకుల చెవులను చెఱచుచున్నదని వాదము. ఆయన గతించిన పిమ్మట 1940లో రేడియోలో హార్మోనియమును నిషేధించిరి. ఆ నిషేధము సుమారు ముప్పది యేండ్లు నిలిచినది. హార్మోనియముతో సురభివారి నాటకపద్యములు వినుచు పెరిగిన మాకు ఇది కష్టముగానే తోచినది. పండ్రెండు బిగిసిన స్వరముల నేరము పియానోకును ఉన్నదే! ఏడేండ్లు దానిమీదనే మన మేళములను వెదకినవాడు హార్మోనియమును తప్పుపట్టునా? మా అక్కగారు మాత్రము ఆయన పక్షమే. "వెదకినవాడు గనుకనే తెలిసినది, అందులో లేనిదేమిటో" అనిరి.

1939 ఏప్రిలులో ఆయనను కలకత్తా రేడియోకు పంపిరి. చేరిన కొద్దిదినములకే కలరా తగిలి, 25వ తేదీని మరణించెను. ఏబదియెనిమిదేండ్లు. మన దేశమున వ్రాసిన రచనలు చాలవఱకు పోయినవి. తూర్పు పడమరల సింఫనీ నేడు దొరకదు. అందేమున్నదో, వీణయు వయొలినును ఎట్లు కలిసినవో వినుటకు మార్గము లేదు. మాడ్ మెకార్థీ ఈ దేశముననే సన్న్యసించి స్వామి ఓమానందపురి యని పేరు గ్రహించెను. 1967లో కన్నుమూసెను.

మిగిలిన కాగితములు కుటుంబమువారియొద్ద నిలిచినవి. 1970 తరువాత మాల్కం మెక్‌డొనాల్డ్ అను సంగీతరచయిత వానిని వెదకి చదివి, 1975లో ఫోల్డ్సుగుఱించి పుస్తకము వెలువరించెను. అటుపిమ్మట పియానో విద్వాంసులు ఒక్కొక్కరుగా మేళముల వ్యాసములను రికార్డు చేసిరి. వారిలో పీటర్ జేకబ్స్, కాథరిన్ స్టాట్ అనువారలు ముఖ్యులు. మా యింట వినినది ఆ విదుషీమణి వాయించినదే. 2007 నవంబరు 11వ తేదీని, ఎనుబదియొక్క యేండ్లకు, ఆల్బర్ట్ హాలులో 'వరల్డ్ రెక్వియం' మరల మ్రోగినది. వ్రాతప్రతులు పెక్కు ఇప్పుడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున ఉన్నవి.

విజయదశమినాడు పిల్ల తిరిగి వెళ్లుటకు ముందు మా అక్కగారు వీణ దింపించిరి. హార్మోనియముమీద కుంకుమబొట్లు ఇంకను చెరుగలేదు. పిల్ల ఆ ఏడు మెట్లమీద 'ఇంట్రోవర్సివ్' మొదటి వరుసను మెల్లగా వాయించినది. మా అక్కగారు వీణను ఆ శ్రుతికి చేర్చి, సాగని వ్రేళ్లతోనే అదే వరుసను అందుకొని, గాంధారమును కొంచెము లాగిరి. పిల్ల ఆగి, "అమ్మమ్మా, అది పుస్తకములో లేదు" అన్నది. "ఆ పెట్టెలో లేదు" అని మా అక్కగారు మరల లాగిరి.